పదకొండు సెట్లు రాసి వచ్చిన అమ్మాయి: ఐజీసీఎస్‌ఈ స్పానిష్‌లో ఒక కేస్ స్టడీ

ఉగాదికి ముందు వారం, అంబాజీపేట దగ్గర ఒక పెంకుటింటి అరుగు మీద ఆ అమ్మాయి నా ముందు లావుపాటి ఫైలు తెరిచింది. పదకొండు సెట్ల పాత ప్రశ్నపత్రాలు. అన్నీ రాసినవే, అన్నీ తనే దిద్దుకున్నవే. మొదటి సెట్టులో రైటింగ్‌కు 45కి 27, పదకొండో సెట్టులో 28. మధ్యలో ఒకసారి 25, ఒకసారి 29. "ఇంకా ఎన్ని పేపర్లు చేయాలి టీచర్?" అని అడిగింది. ఏడాదిగా ఒకే మాత్ర మింగుతున్న మనిషి, జబ్బు ఏమిటో కనుక్కోకుండా "ఇంకా ఎన్ని మింగాలి?" అని అడిగినట్టు వినిపించింది నాకు.

హైదరాబాదులో కేంబ్రిడ్జ్ పాఠ్యక్రమం చెప్పే బడిలో పదో తరగతి చదువుతోంది. పరీక్షల ముందు ఇచ్చే చదువు సెలవులకు అమ్మమ్మ దగ్గరకు వచ్చింది. స్పీకింగ్ ఏప్రిల్ చివర బడిలోనే జరుగుతుంది, రాత పరీక్షలు మే నెలలో. స్పీకింగ్‌కు చేతిలో ఉన్నది ఐదు వారాలు. నేను ఉండేది అమలాపురం. హైదరాబాదులో విదేశీ భాషలు చెప్పే విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్ చదివి, కొన్నేళ్లు ఒక రొయ్యల ఎగుమతి ఆఫీసులో కాగితాలు అనువదించి, ఇప్పుడు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. కోనసీమలో స్పానిష్‌తో పనేమిటని అడిగేవాళ్లకు రొయ్యల చెరువు ఉండి ఉండదు. చెరువు ఉన్నవాళ్లకు ఈక్వడార్ అంటే పటంలో ఏ మూలో ఉన్న దేశం కాదు, మన రొయ్య ధరను కిందికి లాగే పోటీదారు. మన చెరువుల్లో పెరిగే వనామీ రొయ్యకి పుట్టిల్లు కూడా ఆ వైపు పసిఫిక్ తీరమే.

పరీక్ష సంగతి క్లుప్తంగా చెబుతాను. ఐజీసీఎస్‌ఈ అంటే పదో తరగతి స్థాయిలో కేంబ్రిడ్జ్ వాళ్లు పెట్టే పరీక్ష. సిలబస్ సంఖ్య 0530. లిజనింగ్ దాదాపు 50 నిమిషాలు, 40 మార్కులు. రీడింగ్ గంట, 45. స్పీకింగ్ సుమారు పది నిమిషాలు, 40. రైటింగ్ గంట, 45. నాలుగింటికీ తలా పాతిక శాతం. నిఘంటువు చూడనివ్వరు. ఈ రూపం 2021 నుంచి వచ్చింది, అంతకుముందు పేపర్ల తీరు వేరు. ఈ మాట రాస్తూ సిగ్గుపడాలి, ఎందుకంటే రెండో వారంలో నేనే పొరపాటున 2019 పేపరును గడియారం పెట్టి రాయించాను. మార్కుల లెక్క కలవక, ప్రశ్నల వరస అర్థం కాక ఆ పిల్ల కంగారుపడింది. సాయంత్రం అట్ట మీద సంవత్సరం చూసుకుని నాలుక కరుచుకున్నాను. ఒక రోజూ, కొంత ధైర్యమూ పోయాయి. పాత రూపం పేపర్లు చదువుకోవడానికి పనికొస్తాయి, సమయం కొలుచుకోవడానికి పనికిరావు.

మొదటి వారం కొత్త పేపరు ఒక్కటీ ముట్టుకోలేదు. ఆమె రాసిన వాటిలో చివరి మూడు సెట్లు తీసి, లిజనింగ్‌లోనూ రీడింగ్‌లోనూ పోయిన ప్రతి మార్కుకూ కారణం రాశాం. గోడ క్యాలెండరులో చిరిగిన మార్చి నెల కాగితం వెనక నాలుగు గళ్లు గీశాను: మాట తెలియదు, మాట తెలుసు కానీ ప్రశ్న సరిగ్గా పట్టుకోలేదు, తెలిసినదే కానీ రాయడంలో చెడింది, సమయం చాలలేదు. మూడు సెట్లలో కలిపి 63 మార్కులు పోయాయి. మాట తెలియక పోయినవి 19. ప్రశ్న పట్టుకోక పోయినవి 23. రాయడంలో చెడినవి 14. సమయం చాలక 7.

ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. అప్పటిదాకా ఆమె తయారీ అంతా పదాల పట్టీలే. ఫోనులో రోజుకు నలభై పదాలు. మూడింట రెండు వంతుల మార్కులు వేరే చోట కారిపోతుంటే తను రోజూ పూడ్చుతున్నది చిన్న గండిని.

లిజనింగ్‌తో మొదలుపెట్టాం. ఈ పేపరులో ఇచ్చే ఎంపికలు చాలావరకు రికార్డింగులో ఎక్కడో ఒకచోట వినిపిస్తాయి. రైల్లో వెళ్దామనుకున్నారు, కానీ చివరికి బస్సులో వెళ్లారు. అమ్మాయి "రైలు" అన్న మాట వినగానే గీత పెట్టేస్తుంది. అసలు జవాబు "పెరొ" తరవాత వస్తుంది. పెరొ అంటే కానీ. ఆల్ ఫినాల్ అంటే చివరికి. ఈ రెండూ, వీటి చుట్టాలు మరో నాలుగూ రాసి గోడకు అతికించాను. రికార్డింగు పెట్టి, ఆ మాటలు వినిపించినప్పుడు చెయ్యి ఎత్తమన్నాను. జవాబు రాయవద్దు, చెయ్యి ఎత్తితే చాలు. మూడు రోజులు ఇదే పని. అమ్మమ్మ గారు చూసి, "ఇదేం చదువండి, బస్సు ఆపుతున్నట్టు!" అన్నారు.

పెరొ అన్నాక పెర్రొ సంగతీ చెప్పాలి. ఒక ర అయితే "కానీ", ర కింద ర ఉంటే "కుక్క". ఇంగ్లిషులోంచి వచ్చే పిల్లలు దీని దగ్గర నెలలు కొట్టుకుంటారు. మనకు "కారం" వేరు, "కర్ర" వేరు. "పేరు" అన్నప్పుడు నాలుక ఎలా తగులుతుందో పెరొలో అలా, "బర్రె" అన్నప్పుడు ఎలా అదురుతుందో పెర్రొలో అలా అన్నాను. అయిదు నిమిషాల్లో అయిపోయింది. త, ద కూడా అంతే. ఆమె బడిలో "టెంగొ" అని పలుకుతూ వచ్చింది. మన "తెలుగు"లో ఉన్న తె పెడితే సరిపోతుంది. తెలుగు పిల్ల ఇంగ్లిషు నోటితో స్పానిష్ మాట్లాడుతోందన్న అనుమానం నాకు మొదట ఇక్కడే వచ్చింది.

అంకెల దగ్గర మాత్రం తెలుగు సాయం చేయలేదు. సెసెంతా అరవై, సెతెంతా డెబ్బై. పరీక్ష పెట్టేవాళ్లకు ఈ జంట అంటే మహా ఇష్టం. పైగా ఆమెకు బడిలో నేర్పింది లాటిన్ అమెరికా ఉచ్చారణ. రికార్డింగులో స్పెయిన్ గొంతు వచ్చి "గ్రాసియాస్" కాస్తా "గ్రాథియాస్" కాగానే చెవి మూసుకుపోయేది. దీనికి కిటుకు లేదు, వినడమే. రోజూ మధ్యాహ్నం పావుగంట. కరెంటు పోతే ఫోను స్పీకరులో, పక్క దొడ్డిలో కొబ్బరికాయలు లారీకి ఎత్తే చప్పుడులో. నిశ్శబ్దంగా విన్న రోజు కంటే లారీ రోజు రెండు మార్కులు ఎక్కువ వచ్చాయని ఆమె తెగ ఆశ్చర్యపడింది. చెవి ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటుంది కదా!

రీడింగ్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చిన్న జవాబులు రాయాల్సిన చోట ఆమె పాఠంలోంచి రెండేసి వాక్యాలు ఎత్తి పెట్టేది, ఎందులోనో ఒకదాంట్లో జవాబు ఉండకపోతుందా అని. పేపరుతో పాటు వచ్చే మార్కింగ్ స్కీము, అంటే మార్కులు ఎలా వేయాలో చెప్పే కాగితం, తెరిచి చూపించాను. మూడు మాటల జవాబుకు మార్కు ఉంది, దానికి పొంతన లేని మాట తగిలిస్తే ఆ మార్కూ ఎగిరిపోవచ్చు. ఆమె మార్కింగ్ స్కీమును జవాబుల పట్టీగా మాత్రమే వాడింది, దాని ముందుమాట ఎప్పుడూ చదవలేదు. చదివిన నాలుగు రోజులకే ఆ అలవాటు పోయింది.

అసలు జబ్బు రైటింగ్‌లో ఉంది. మూడు ప్రశ్నలు: ఒక ఫారం నింపడం, 5 మార్కులు, 80 నుంచి 90 పదాల్లో ఒక చిన్న రచన, 12, 130 నుంచి 140 పదాల్లో ఉత్తరమో వ్యాసమో, 28. ఈ మూడోదానిలో అడిగినవన్నీ చెప్పినందుకు 10, భాషలో వైవిధ్యానికి 10, తప్పులు లేకపోవడానికి 8. ఆమె రాసిన మూడో జవాబుల్లో ఒకటి లెక్కపెట్టాను: 210 పదాలు. ఎక్కువ రాసినందుకు మార్కులేమీ పెరగవు, తప్పులకు చోటు మాత్రం పెరుగుతుంది. అడిగిన అంశాల్లో ఒకటి, "ఎందుకో వివరించు" అన్నది, అసలు తాకనేలేదు. పదకొండో సెట్టు రైటింగ్ మొత్తానికి తను వేసుకున్న 28ని నేను మళ్లీ దిద్దితే 24 వచ్చింది. అక్షరదోషాల దగ్గర తన మీద తాను కఠినంగా ఉంది, వదిలేసిన అంశాల దగ్గర ఉదారంగా ఉంది. పిల్లలు తమ పేపరు తామే దిద్దుకుంటే ఇలాగే అవుతుంది.

ఇక వాక్యాలు. "యొ గుస్తొ" అని మొదలయ్యాయి. నేను ఇష్టపడతాను అని ఇంగ్లిషులో అనుకుని, ఒక్కో మాటకూ స్పానిష్ తొడిగింది. నిజానికి స్పానిష్ వాడు అలా అనడు. "మె గుస్తా" అంటాడు, అచ్చం మనం "నాకు నచ్చుతుంది" అన్నట్టు. పైగా క్రియ కూడా నచ్చిన వస్తువును బట్టే మారుతుంది. పండు నచ్చింది: మె గుస్తొ లా ఫ్రూతా. పళ్లు నచ్చాయి: మె గుస్తారొన్ లాస్ ఫ్రూతాస్. మన "నచ్చింది, నచ్చాయి" ఎలా మారాయో అవీ అలాగే మారాయి. అమ్మమ్మ గారు కొత్తపల్లి కొబ్బరి మామిడి ముక్కలు కోసి పెట్టారు, ఆ పళ్లెం ముందు పెట్టుకునే ఈ పాఠం నడిచింది. తల నొప్పిగా ఉందన్నా "నాకు"తోనే మొదలు. నేను వచ్చాను అనడానికి "నేను" అక్కర్లేదు, "వచ్చాను" చాలు, స్పానిష్‌లోనూ అంతే. ప్రతి వాక్యం ముందూ ఆమె కాపలా పెట్టిన "యొ"లను ఆ సాయంత్రమే కొట్టేశాం. ఒక పేజీలో పదిహేడు.

భూతకాలం అంత తేలికగా లొంగలేదు. మూడో ప్రశ్నలో భూతకాలం తప్పకుండా అవసరపడుతుంది, స్పానిష్‌లో అది రెండు రకాలు. ఒకసారి జరిగి ముగిసినదానికి ఒకటి, అలవాటుగా సాగినదానికీ కథ వెనక పరిస్థితికీ ఇంకొకటి. సూత్రాలు ఆమెకు కంఠతా వచ్చు. రాసేటప్పుడు మాత్రం అంతా మొదటి రకమే. చిన్ననాటి సెలవుల గురించి నేనే ఒక ప్రశ్న రాసి ఇస్తే, "ఫుయీ ఆల్ కనాల్ తొదొస్ లొస్ దియాస్" అని రాసింది. రోజూ కాలువకు "వెళ్లాను".

అమ్మమ్మ గారు అరుగు చివర కూర్చుని చీపురు కోసం కొబ్బరాకుల ఈనెలు తీస్తున్నారు. కాగితం పక్కన పెట్టి, ఇదంతా ఆవిడకు తెలుగులో చెప్పమన్నాను. అమ్మాయి మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, చిన్నప్పుడు నేను రోజూ కాలువకి వెళ్లాను."

ఆవిడ కత్తి ఆపకుండానే, "వెళ్లాను ఏమిటే, వెళ్లేదానివి. వెళ్లింది ఒక్కరోజా?" అన్నారు. ఆగి, "ఒక్కసారి జరిగింది పడటం. రేవు మెట్ల మీద జారి పడ్డావు. మీ తాతయ్య మొలలోతు నీళ్లలోకి దిగాడు" అన్నారు.

నేను పెన్ను తీసి ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. వెళ్లేదాన్ని, పడ్డాను, దిగాడు. వాటి కింద: ఇబా, మె కాయీ, బాహొ. అమ్మాయి ఆ రెండు వరసలనూ చాలాసేపు చూసింది. తరవాత నేను అడక్కుండానే కింద ఇంకొన్ని రాసుకుంది: తినేవాళ్లం, కొమియామొస్, తిన్నాం, కొమిమొస్, ఆడుకునేవాళ్లం, హుగాబామొస్. ఏడాదిగా కంఠతా పెట్టిన సూత్రం ఆమె నోట్లో పుట్టినప్పటి నుంచీ ఉంది, కాకపోతే ఇంగ్లిషు చదువు మధ్యలో కూర్చుని దారి ఇవ్వలేదు. అయినా ఆ నోటి తెలుగు కూడా కాస్త జారుతోందని అమ్మమ్మ గారి దిద్దుబాటుతోనే తెలిసింది, అది వేరే బెంగ.

ఆ ఉత్సాహంలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. తెలుగు దారి బాగా నడుస్తోంది కదా అని సేర్, ఎస్తార్ క్రియలకూ దాన్నే వాడాను. రెండూ "ఉండటమే", ఎక్కడ ఏది వాడాలో తెలియక ఆమె తికమకపడేది. తెలుగులో "ఉంది" అక్కర్లేని చోట సేర్, "ఉంది" వచ్చే చోట ఎస్తార్ అన్నాను. ఆమె టీచరు, ఇల్లు పెద్దది: సేర్. ఆమె ఇంట్లో ఉంది, ఇల్లు మురికిగా ఉంది: ఎస్తార్. ఎంత ముచ్చటగా కుదిరింది! వారం తిరిగేసరికి పేపరులో "మి ప్వెబ్లొ ఎస్తా బొనీతొ" అని వచ్చింది. మా ఊరు అందంగా ఉంటుంది అనుకుని రాసింది, కానీ ఊరి స్వభావం చెప్పేటప్పుడు అక్కడ రావాల్సింది సేర్. "ఉంటుంది" దగ్గర నా సూత్రం బోల్తా కొట్టింది. భవిష్యత్ కాలం దగ్గర కూడా ఇదే గోల. మనకు "రోజూ వెళ్తాను", "రేపు వెళ్తాను" ఒకటే. వచ్చే ఏడు ఏం చేస్తావని అడిగితే వర్తమానంలో రాసేసింది. వాన సంగతి కూడా: "అప్పటికి వాన పడుతోంది" అని మనం వర్తమానపు రూపంతోనే కథ నడిపిస్తాం, స్పానిష్‌లో అక్కడ రెండో రకం భూతకాలం కావాలి. అప్పటి వయసు చెప్పేటప్పుడూ అంతే. "అప్పుడు నాకు పదేళ్లు" అన్న వాక్యంలో క్రియే లేదు, తెలుగు ఏం చెబుతుంది పాపం?

క్యాలెండరు కాగితం తిరగేసి మళ్లీ రెండు వరసలు గీశాం. తెలుగును నమ్మే చోట్లు ఒకవైపు, నమ్మకూడని చోట్లు ఒకవైపు. రెండోవైపు మొదటి పేరు లింగం. బల్ల ఆడదా మగదా అన్న చర్చ తెలుగులో లేదు. లా మానొ (చెయ్యి), ఎల్ ప్రొబ్లేమా (సమస్య), ఎల్ దియా (రోజు) వంటి, చివరి అచ్చు ఒక లింగంలా కనబడి ఇంకో లింగంలో ఉండే మోసగాళ్లను ఒక్కొక్కటిగా బట్టీ పట్టాల్సిందే. ఆన్యొ (ఏడాది) అన్న మాటలో ఎన్ అక్షరం మీది గీత కూడా ఆ వరసలోనే రాసుకుంది. ఆ గీత మరిచిపోతే "నాకు పదిహేనేళ్లు" కాస్తా ఎక్కడికి పోతుందో నేను నోటితో చెప్పను, నిఘంటువు చూసుకొమ్మంటాను. చూసుకున్నవాళ్లు మళ్లీ మరిచిపోరు.

స్పీకింగ్‌లో ముందు ఒక రోల్ ప్లే, తరవాత రెండు విషయాల మీద సంభాషణ. రోల్ ప్లేలో తన పాత్ర ఏమిటో చెప్పే కార్డు చూసుకోవడానికి ముందుగా పది నిమిషాలు ఇస్తారు. హోటలువాడితోనో దుకాణదారుతోనో మాట్లాడేటప్పుడు "ఉస్తేద్" వాడాలి, అంటే మీరు. ఆమె అందరినీ "తూ" అనేసేది. మా వైపు పాలు పోసే కుర్రవాడితోనూ "అండి" లేకుండా మాట్లాడరు, కాబట్టి మనసులో "అండి" వస్తే ఉస్తేద్ అనుకోమన్నాను. కొలంబియాలో కొన్ని ప్రాంతాల్లో ఇంట్లోవాళ్లను కూడా ఉస్తేద్ అంటారని చెబితే, "అయితే వాళ్లూ గోదావరి వాళ్లే" అంది.

సంభాషణకు ఆమె బట్టీ పట్టుకొచ్చిన "మా ఊరు" ఒక సినిమాహాలు, ఒక షాపింగ్ మాల్, ఒక పార్కు. ఎవరి ఊరైనా కావచ్చు. ప్రశ్న కొంచెం పక్కకు జరిగితే చెప్పడానికేమీ లేదు. దాన్ని చింపేసి, అరుగు మీంచి కనబడుతున్నది చెప్పమన్నాను. కొబ్బరిచెట్లు, వరి, పడవ, కాలువ. అప్పటికి దాళ్వా (రెండో పంట వరి) కోతలు ముగుస్తున్నాయి, కాలువలు కట్టేశారు. ఆమె చూసి, "అఓరా నొ ఆయ్ ఆగ్వా" అంది. ఇప్పుడు నీళ్లు లేవు. "ఆయ్" అంటే స్పానిష్‌లో ఉంది, ఉన్నాయి. లోపలి నుంచి అమ్మమ్మ గారు "ఆయ్, పిలిచారా అండి?" అన్నారు. ఆ తరవాత ఆ అమ్మాయి "ఆయ్" ఎప్పుడూ తప్పు వాడలేదు. నీళ్లు ఎందుకు లేవు, మళ్లీ ఎప్పుడు వదులుతారు, వదిలితే ఏం చేస్తావు అని వరసగా అడిగాను. మూడు కాలాలూ, రెండు కారణాలూ వాటంతటవే వచ్చాయి. బడిలో అసలు పరీక్షలో కూడా సంభాషణ ఊరి మీదికి మళ్లిందని, టీచరు గారు కాలువ గురించి ఇంకా ఇంకా అడిగారని ఫోనులో చెప్పింది.

ఐదు వారాల్లో మేం గడియారం పెట్టి రాసిన కొత్త సెట్లు నాలుగే, నేను పాడుచేసిన 2019 పేపరు కాక. ఒక్కో సెట్టు రాయడానికి ఒక పూట, విప్పి చూడటానికి మూడు రోజులు. రైటింగ్‌ను ప్రతిసారీ రెండుసార్లు రాసింది, మొదటిది పరీక్షలా, రెండోది మార్కింగ్ స్కీము పక్కన పెట్టుకుని. నాలుగో సెట్టులో, నేను దిద్దిన లెక్కన, రైటింగ్ 24 నుంచి 36కి వచ్చింది. రీడింగ్ 33 నుంచి 39కి. లిజనింగ్ మాత్రం 31 నుంచి 34 దగ్గర ఆగిపోయింది. పెరొ పాఠం ఇచ్చిన మార్కులు అవి. మిగిలిన ఆరూ చెవి అలవాటు మార్కులు, అవి ఐదు వారాల్లో వచ్చేవి కావు. హైదరాబాదులో తొమ్మిదో తరగతి నుంచి రోజూ పావుగంట విని ఉంటే వచ్చేవి. ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. ఏ గ్రేడు. బడి వేసిన అంచనా బి.

దసరా తరవాత అదే ఇంటి పక్కవీధి నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు, ఆ అమ్మాయి ఫైలు సంకలో పెట్టుకుని. కాలువ వ్యాసం కూడా అందులోనే ఉంది, తనకూ అదే నేర్పమన్నాడు. ముందు కొత్త క్యాలెండరు కాగితం మీద నాలుగు గళ్లు గీసి, అతను రాసిన రెండు సెట్లు విప్పాను. పోయిన మార్కుల్లో సగం పైగా మొదటి గడిలోనే పడ్డాయి: మాట తెలియదు. ఫైలు పక్కన పెట్టించి, ఆ రోజే నలభై పదాల పట్టీ ఇచ్చి పంపాను.